ఊగే ఓడ మీద నిలువు ఎక్కడ? పుదుచ్చేరి చేరిన ఖగోళజ్ఞుడు లె జాంతీ కథ

ఖగోళశాస్త్ర చరిత్రలో అందరికన్నా దురదృష్టవంతుడు ఎవరని అడిగితే చాలామంది చెప్పే పేరు గియోమ్ లె జాంతీ. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూడాలని ఫ్రాన్స్ నుంచి బయల్దేరాడు. 11 ఏళ్ళకు పైగా సముద్రాల మీద, పరాయి రేవుల్లో గడిపాడు. చేతికందిన రెండు అవకాశాలూ పోగొట్టుకున్నాడు. తీరా ఇల్లు చేరేసరికి ఊళ్ళో తనను చనిపోయినవాళ్ళ లెక్కలో వేసి ఉన్నారు. ఈ కథను సాధారణంగా మబ్బుల కథగా చెబుతారు. 1769 జూన్ 4 ఉదయం పుదుచ్చేరి మీద కమ్మిన మబ్బు ఒక మనిషి జీవితాన్ని మింగేసిందని ముగిస్తారు.

అయితే ఆయన మొదటి ఓటమిలో మబ్బుల పాత్ర ఏమీ లేదు. 1761 జూన్ 6న ఆకాశం నిర్మలంగా ఉంది. సూర్యుడు కనిపించాడు. ఆ బింబం మీద నల్లని చుక్కలా శుక్రుడూ కనిపించాడు. లేనిదల్లా కాళ్ళ కింద కదలని నేల. ఓడ ఊగుతోంది. ఊగే ఓడ మీద ఏది నిలువో, ఏది అడ్డమో నికరంగా తేల్చే సాధనం లేదు. నిలువు తేలకపోతే సూర్యుడి ఎత్తు తేలదు. ఎత్తు తేలకపోతే స్థానిక సమయం తేలదు. సమయం తేలని చూపు శాస్త్రానికి పనికిరాదు. కళ్ళారా చూసి కూడా చూసినట్టు లెక్కలోకి రాని ఆ రోజే లె జాంతీ జీవితాన్ని మలుపు తిప్పింది. తర్వాత ఆయన పుదుచ్చేరిలో చేసిన పని విలువ తెలియాలన్నా ముందు ఆ రోజు అర్థం కావాలి.

చర్చికి వెళ్ళాల్సిన కుర్రవాడు

లె జాంతీ 1725 సెప్టెంబరు 12న ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో కూతాన్స్ అనే ఊళ్ళో పుట్టాడు. మతాచార్యుడు కావాలని పారిస్ వెళ్ళి వేదాంత విద్య మొదలుపెట్టాడు. అక్కడ జోసెఫ్ నికొలా దెలీల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉపన్యాసాలు వినడంతో మనసు అటు మళ్ళింది. కసీనీ కుటుంబం నడిపిస్తున్న పారిస్ వేధశాలలో చేరాడు. పాతికేళ్ళు నిండకముందే, 1749లో, ఆండ్రోమెడా గెలాక్సీ పక్కన ఉన్న చిన్న గెలాక్సీని కనుగొన్నాడు. ఈనాడు దాన్ని మెసియే జాబితాలో 32వ అంకెతో గుర్తిస్తారు. 1753లో ఫ్రెంచ్ రాజ శాస్త్ర అకాడమీలో సభ్యత్వం దక్కింది.

ఆ రోజుల్లో ఖగోళజ్ఞులందరినీ వేధిస్తున్న ప్రశ్న ఒకటే. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఎంత? గ్రహాల దూరాల నిష్పత్తులు కెప్లర్ సూత్రాల వల్ల తెలుసు. ఏదో ఒక్క దూరం కోసుల్లోనో మైళ్ళలోనో తెలిస్తే మిగిలినవన్నీ వాటంతట అవే తేలిపోతాయి. అంటే సౌరకుటుంబం పటం చేతిలో ఉంది, దానికి స్కేలు మాత్రం లేదు. శుక్రుడు సూర్యబింబాన్ని దాటే సమయంలో భూమి మీద దూరదూర ప్రాంతాల నుంచి చూసి, ఎవరికి ఏ క్షణంలో ఏమి కనిపించిందో పోల్చుకుంటే ఆ స్కేలు దొరుకుతుందని ఎడ్మండ్ హేలీ 1716లో ప్రతిపాదించాడు. శుక్ర సంక్రమణం అనే ఈ దృశ్యం 8 ఏళ్ళ తేడాతో రెండుసార్లు వచ్చి, ఆ తర్వాత శతాబ్దానికి పైగా కనిపించదు. హేలీ తరం తర్వాత రాబోయే జంట 1761, 1769. హేలీ 1742లోనే కన్నుమూశాడు.

హేలీ పద్ధతిలో సంక్రమణం మొదటి నుంచి చివరిదాకా ఎంతసేపు సాగిందో చూడాలి. లె జాంతీకి గురుతుల్యుడైన దెలీల్ దాన్ని మార్చాడు. మొదలైన క్షణమో, ముగిసిన క్షణమో, ఏదో ఒకటి చూసినా చాలన్నాడు. కానీ అందుకు ఒక షరతు ఉంది. చూసిన చోటు రేఖాంశం, అక్కడి స్థానిక సమయం సెకండ్ల లెక్కన కచ్చితంగా తెలిసి ఉండాలి. రేఖాంశంలో ఒక డిగ్రీ పొరపాటు పడితే సమయంలో 4 నిమిషాల తేడా వస్తుంది. కొలవాల్సిందేమో సెకండ్లలో.

అంతా నిలువు మీదే ఆధారం

ఆ కాలంలో స్థానిక సమయాన్ని ఆకాశాన్ని చూసే తెలుసుకోవాలి. పొద్దున సూర్యుడు ఫలానా ఎత్తులో ఉన్నప్పుడు గడియారం ఎంత చూపిందో రాసుకుంటారు. సాయంత్రం మళ్ళీ అదే ఎత్తుకు దిగినప్పుడు ఎంత చూపిందో రాసుకుంటారు. ఆ రెండింటికీ నడిమి క్షణమే అసలైన మధ్యాహ్నం. చిన్న సవరణలు చేసుకుంటే గడియారం తప్పొప్పులు తెలిసిపోతాయి. ఎత్తు కొలిచే యంత్రం క్వాడ్రంట్, అంటే అంశాలు గీసిన పావు వలయం. దానికి ఒక దుర్భిణి, పైనుంచి వేలాడే సన్నని దారం, దారం చివర బరువు. తాపీ మేస్త్రీ గోడ నిలువుగా లేస్తోందో లేదో చూసుకునే గుండు లాంటిదే. యంత్రం సరిగ్గా నిలబడిందని చెప్పేది ఆ దారమే.

ఇక్కడ అంకెలు చూస్తే విషయం తేటపడుతుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. నిలువును ఒక డిగ్రీ తప్పుగా పట్టుకుంటే పటంలో పుదుచ్చేరి ఉత్తరానికి జరిగి తాంబరం వరుసలోకి వెళ్ళిపోతుంది. తిన్నగా నిలబడి, వెలుతురులో, చుట్టూ గోడలూ స్తంభాలూ కనిపిస్తుండగా చూసినా మనిషి కన్ను నిలువును ఒక డిగ్రీ అటూఇటూగానే చెప్పగలదు. దారానికి కట్టిన గుండు ఒక డిగ్రీలో వందల వంతుకు చేరుతుంది. ఖగోళశాస్త్రం కన్ను మీద కాక గుండు మీద ఎందుకు ఆధారపడిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

యుద్ధంలోకి ప్రయాణం

సంక్రమణాన్ని చూసేందుకు అకాడమీ పంపినవారిలో లె జాంతీ ఒకడు. ఆయనకు నిర్ణయించిన చోటు పుదుచ్చేరి, భారతదేశంలో ఫ్రెంచివారి రాజధాని. 1760 మార్చి 26న బ్రెస్ట్ రేవులో ఓడ ఎక్కి జులై 10న ఈనాటి మారిషస్ చేరాడు. అప్పట్లో అది ఫ్రెంచివారి ఇల్ ద ఫ్రాన్స్. అప్పటికే ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సప్తవర్ష సంగ్రామం సాగుతోంది. తూర్పు తీరానికి వెళ్ళే ఓడ కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. ఈలోగా రక్త విరేచనాలు పట్టుకుని మంచానపడ్డాడు. చివరికి 1761 మార్చిలో సిల్ఫీద్ అనే యుద్ధనౌకలో చోటు దొరికింది.

ఆయనకు అందని వార్త ఏమిటంటే, ఆయన బయల్దేరకముందే పుదుచ్చేరి పడిపోయింది. ఐర్ కూట్ నాయకత్వంలో ఇంగ్లిషు సేన ముట్టడించగా 1761 జనవరి మధ్యలో నగరం లొంగిపోయింది. తర్వాత కోటనూ భవనాలనూ నేలమట్టం చేశారు. ఎదురుగాలుల్లో వారాల తరబడి అలమటించిన ఓడ మే 24న మలబారు తీరంలో మాహే దగ్గరికి చేరాక సంగతి తెలిసింది. మాహే కూడా అప్పటికే ఇంగ్లిషువారి చేతిలో ఉంది. పాలనాపరంగా ఈనాడు పుదుచ్చేరిలో భాగమైన ఆ చిన్న రేవు దగ్గరే, పుదుచ్చేరి అందదని ఆయనకు అర్థమైంది. ఓడ వెనక్కి మళ్ళింది.

జూన్ 6 వచ్చేసరికి సిల్ఫీద్ భూమధ్యరేఖకు దక్షిణాన, హిందూ మహాసముద్రం నడిమధ్యలో ఉంది. లె జాంతీ దుర్భిణి పట్టుకుని డెక్ మీద నిలబడ్డాడు. చూశాడు, సమయాలు రాసుకున్నాడు. అయినా వాటికి విలువ లేదని ఆయనకే ముందుగా తెలుసు. లోలకంతో నడిచే గడియారం ఊగే ఓడ మీద సరిగ్గా నడవదు. క్వాడ్రంట్ దారం ఒకచోట నిలవదు. రేఖాంశం ఉజ్జాయింపు మాత్రమే. నావికులకు ఈ చిక్కు తెలియనిది కాదు. అందుకే వాళ్ళు గుండును నమ్మకుండా సముద్రం అంచున కనిపించే దిగంతాన్ని ఆధారం చేసుకునేవారు. 1731లో వచ్చిన హాడ్లీ ఆక్టెంట్ పనిచేసేది ఆ దిగంతం సాయంతోనే. ఓడ దారి తప్పకుండా ఉండడానికి ఆ మాత్రం చాలు. సూర్యుడి దూరం కొలవడానికి చాలదు.

తల వాలితే లోకం ఎటు వాలుతుంది?

ఓడ మీద యంత్రాలే కాదు, మనిషి కూడా నిలువును పోగొట్టుకుంటాడు. కారణం లె జాంతీ కాలానికి ఎవరికీ తెలియదు. మన లోపలి చెవిలో రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో జిగురు పొర మీద సున్నపు రేణువులు పేర్చి ఉంటాయి. తల వంచితే బరువుకు ఆ రేణువులు జరుగుతాయి, కింద ఉన్న సన్నని రోమకణాలు వంగుతాయి, మెదడుకు కబురు అందుతుంది. ఒకరకంగా ఇదీ గుండే. కాకపోతే దీనికో లోపం ఉంది. తల వాలడం వల్ల రేణువులు జరిగాయో, శరీరం వేగం మారడం వల్ల జరిగాయో ఇది తేల్చలేదు. కెరటం మీద లేచి పడే ఓడలో రెండూ కలిసిపోతాయి. పైగా ఓడ గదిలో గోడలూ కిటికీలూ మనిషితోపాటే వాలుతాయి. కళ్ళు ఆ గోడల్నే నిలువుగా తీసుకుంటాయి. అందుకే గదిలో వేలాడే లాంతరు ఊగుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి లాంతరు నిలువుకు దగ్గరగా ఉంటుంది, ఊగేది గది.

నేల మీద కూడా కన్ను ఇలాగే మోసపోతుందని తేలడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1861లో జర్మన్ శరీరశాస్త్రవేత్త హెర్మన్ ఔబర్ట్ చీకటి గదిలో నిలువుగా వెలిగే ఒక గీతను చూస్తూ తలను పక్కకు బాగా వాల్చాడు. గీత కదల్లేదు. కానీ తల వాలిన వైపుకు వ్యతిరేకంగా ఒరిగినట్టు కనిపించింది. మనిషి పూర్తిగా పక్కకు తిరిగి పడుకుంటే ఈ తేడా చాలామందిలో 10 డిగ్రీలు దాటుతుంది, కొందరిలో 30కి దగ్గరవుతుంది. దీన్నే ఔబర్ట్ ప్రభావం అంటారు. తర్వాత 1916లో గెయార్గ్ ఎలియాస్ మ్యుల్లర్ ఇంకో విచిత్రం నమోదు చేశాడు. తల కొంచెమే వాలినప్పుడు కొందరికి గీత తల వైపుకే ఒరిగినట్టు కనిపిస్తుంది. అంటే తప్పు ఒకే దిశలో కూడా జరగదు.

దీని వెనక ఉన్నది మెదడు చేసే ఒక రాజీ అని పరిశోధకులు భావిస్తున్నారు. తల ఎంత వాలిందో చెవి చెప్పే సమాచారం పూర్తిగా నమ్మదగినది కాదు. మనుషులు రోజులో ఎక్కువసేపు తల నిటారుగానే ఉంచుకుంటారు. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు మెదడు తల అంతగా వాలి ఉండదులే అని సర్దుకుంటుంది. మామూలు సమయాల్లో ఆ సర్దుబాటు మేలే చేస్తుంది. తల బాగా వాలినప్పుడే తప్పు బయటపడుతుంది. గదిలో దీపం వెలిగించి గోడలూ తలుపులూ కనబడనిస్తే తప్పు చాలావరకు సర్దుకుంటుంది. బయటి ఆధారం దొరికింది కాబట్టి.

చీకట్లో, దుర్భిణి కంటికి ఆనించి, మెడ వంచి, ఒక్కోసారి దాదాపు పడుకుని నక్షత్రాలు చూసే ఖగోళజ్ఞుడి స్థితి అచ్చంగా ఔబర్ట్ గదిలోని మనిషి స్థితే. దుర్భిణిలో కనిపించే సన్నని తీగ నిలువుగా ఉందో లేదో ఆ భంగిమలో ఆయన కన్ను చెప్పలేదు. ఔబర్ట్ ప్రయోగం రాకముందే ఆ వృత్తి చేసేవాళ్ళు అనుభవంతో ఈ జాగ్రత్త నేర్చుకున్నారు. తమ తలను నమ్మలేదు, దారాన్ని నమ్మారు.

ఎనిమిదేళ్ళ నిరీక్షణ

లె జాంతీ ముందు రెండు దారులున్నాయి. వెనక్కి వెళ్ళిపోవడం, లేదా 1769 దాకా ఇక్కడే ఉండడం. ఆయన ఉండిపోయాడు. మారిషస్‌ను స్థావరం చేసుకుని మడగాస్కర్ తూర్పు తీరం పటాలు తయారు చేశాడు. గాలులు, పోటుపాట్లు, మొక్కలు, జంతువులు, అక్కడి ప్రజలు, అన్నీ రాసుకున్నాడు. రెండో సంక్రమణానికి ఫిలిప్పీన్స్‌లోని మనీలా అనువైన చోటని లెక్క తేల్చి, 1766 ఆగస్టులో అక్కడికి చేరాడు. స్పానిష్ గవర్నర్‌కు ఈ ఫ్రెంచి మనిషి మీద అనుమానం కలిగింది. ఈలోగా 1763 పారిస్ ఒప్పందం ప్రకారం పుదుచ్చేరి మళ్ళీ ఫ్రెంచివారికి దక్కింది, 1765లో స్వాధీనమైంది. అకాడమీ కూడా పుదుచ్చేరికే మొగ్గు చూపింది. ఆయన మనీలా వదిలి 1768 మార్చి 27న పుదుచ్చేరిలో దిగాడు. మొదట చేరాలనుకున్న ఊరికి బయల్దేరిన 8 ఏళ్ళకు చేరుకున్నాడు.

శిథిలాల మీద వేధశాల

అప్పటి పుదుచ్చేరి కూలిన ఊరు. గవర్నర్ జాన్ లా ద లోరిస్తాన్ దాన్ని తిరిగి కట్టించే పనిలో ఉన్నాడు. అయినా అతిథిని ఆదరించి, కూలిపోయిన కోట శిథిలాల మీద వేధశాల కట్టించి ఇచ్చాడు. ఆ కోట ఉన్న ప్రాంతం ఈనాటి భారతి పార్కు పరిసరాలు. వేధశాల కింది గదిలో తుపాకిమందు నిల్వ ఉండేది. ఆ మందు మీదే ఆయన రాత్రిళ్ళు దీపం పెట్టుకుని పని చేసుకునేవాడు. నిన్నటిదాకా శత్రువులైన మద్రాసు ఇంగ్లిషువారు మంచి దుర్భిణి ఒకటి అరువిచ్చారు.

ఇక్కడ ఆయనకు తొలిసారి గట్టి నేల దొరికింది. క్వాడ్రంట్ దారం నిలిచింది, లోలకం లయ తప్పలేదు. చంద్రుణ్ని, గురుగ్రహం ఉపగ్రహాలను గమనించి పుదుచ్చేరి రేఖాంశాన్ని, నక్షత్రాల ఎత్తులతో అక్షాంశాన్ని నిర్ణయించాడు. సెకండుకో ఊపు ఊగే లోలకం పొడవు కొలిచాడు. దిగంతం దగ్గర గాలి పొరలు కాంతిని ఎంత వంచుతాయో పరిశీలించాడు. 1761లో ఓడ మీద లేకపోయినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా సమకూర్చుకున్నాడు.

ఖాళీ సమయంలో స్థానిక పంచాంగకర్తల దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. వాళ్ళు కాగితం కలం లేకుండా, కంఠస్థం చేసిన సూత్రాలతో, గవ్వలు పేర్చి గ్రహణం లెక్కలు కట్టడం చూసి ఆశ్చర్యపోయాడు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం ఎంతసేపు ఉంటుందో ఆ పద్ధతిలో కట్టిన లెక్కను అసలు పరిశీలనతో పోలిస్తే 41 సెకండ్లు తగ్గింది. ఐరోపాలో ఎంతో పేరున్న టోబియాస్ మాయర్ పట్టికల లెక్క 68 సెకండ్లు ఎక్కువ చూపింది. భారతీయ జ్యోతిషం ప్రాచీనమైనదని ఒప్పుకుంటూనే అది ఆగిపోయిన విద్య అని చిన్నచూపు చూసిన ఐరోపా పండితుల్లో లె జాంతీ కూడా ఒకడు. కానీ చూసిన అంకెల్ని దాచలేదు. ఆయన పారిస్ తీసుకెళ్ళిన సమాచారమే తర్వాత ఝాన్ సిల్వాన్ బాయీ 1787లో భారతీయ ఖగోళశాస్త్రం మీద రాసిన గ్రంథానికి ఒక ఆధారమైంది.

మన జ్యోతిషుల శంకువు కూడా నిలువు మీద ఆధారపడిన యంత్రమే. 12 అంగుళాల కొయ్యను నేలలో నాటి నీడను కొలుస్తారు. సూర్యసిద్ధాంతం మూడో అధ్యాయం శంకువు కన్నా ముందు నేల సంగతి చెబుతుంది. నీళ్ళతో మట్టం చూసుకున్న రాతి పలక మీదనో, గచ్చు మీదనో వలయం గీయాలి. పొద్దున నీడ కొన వలయంలోకి వచ్చిన చోటు, మధ్యాహ్నం తర్వాత దాటిపోయిన చోటు గుర్తు పెట్టి కలిపితే తూర్పు పడమర గీత వస్తుంది. లె జాంతీ క్వాడ్రంట్‌తో పొద్దుటి ఎత్తుకు సాయంత్రపు ఎత్తును జత చేయడం, శంకువు నీడకు నీడను జత చేయడం, సారంలో ఒకటే. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున పుదుచ్చేరిలో మధ్యాహ్నం నీడ సుమారు రెండున్నర అంగుళాలు ఉంటుంది. శంకువు నీడ పడే వైపు ఒక డిగ్రీ ఒరిగితే ఆ నీడలో అంగుళంలో అయిదో వంతు తేడా వస్తుంది. నీళ్ళ మట్టమూ సీసపు గుండూ వేర్వేరు నాగరికతలు కనిపెట్టుకున్న సాధనాలే. రెండూ మనిషి తలను పక్కన పెట్టి భూమి ఆకర్షణనే నేరుగా అడుగుతాయి.

1769 జూన్ 4

సంక్రమణం ముగింపు పుదుచ్చేరిలో సూర్యోదయం తర్వాత కనిపించాలి. మే నెల ఉదయాలన్నీ నిర్మలంగా గడిచాయి. జూన్ 4, ఆదివారం. తెల్లవారుజామున లేచి చూస్తే ఆకాశమంతా మబ్బు. గాలి లేచింది, మబ్బు మాత్రం విడలేదు. శుక్రుడు సూర్యబింబాన్ని వదిలి వెళ్ళే సమయం, దాదాపు ఉదయం 7 గంటలు, తెర వెనకే గడిచిపోయింది. మరో రెండు మూడు గంటల తర్వాత ఎండ కాసింది. ఆ రోజంతా కాస్తూనే ఉంది. వదులుకుని వచ్చిన మనీలాలో ఆ ఉదయం ఆకాశం నిర్మలంగా ఉందని తర్వాత తెలిసింది. రెండు వారాలపాటు ఆయన కలం పట్టలేకపోయాడు.

మొదటిసారి చూపు ఉంది, నిలువు లేదు. రెండోసారి నిలువు ఉంది, చూపు లేదు. శాస్త్రానికి రెండూ ఒకే క్షణంలో కావాలి.

ఆయన పోగొట్టుకున్నా పని ఆగలేదు. తాహితీలో జేమ్స్ కుక్ బృందం చూసింది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో చూసిన మరో ఫ్రెంచి శాస్త్రవేత్త షాప్ దొతెరోష్ కొలతలు పూర్తి చేసి, జ్వరం సోకి, ఆగస్టు 1న అక్కడే ప్రాణాలు విడిచాడు. అన్ని చోట్ల లెక్కలూ కలిపి 1771లో లలాంద్ తేల్చిన దూరం సుమారు 15.3 కోట్ల కిలోమీటర్లు. ఈనాటి లెక్క 14.96 కోట్లు. ఆ తేడాలో కూడా కంటి వాటా ఉంది. శుక్రుడి చుక్క సూర్యుడి అంచును తాకే క్షణంలో సాగిన నీటిబొట్టులా కనబడి, పక్కపక్కనే నిలబడి చూసినవాళ్ళు కూడా వేర్వేరు సెకండ్లు రాసుకున్నారు.

చనిపోయినవాడి తిరుగు ప్రయాణం

అనారోగ్యంతోనే 1770 మార్చి 1న పుదుచ్చేరి వదిలాడు. మారిషస్ నుంచి ఎక్కిన ఓడ తుపానులో దెబ్బతిని వెనక్కి వచ్చింది. చివరికి ఒక స్పానిష్ యుద్ధనౌక మీద 1771 ఆగస్టులో కాదిజ్ రేవు చేరి, అక్కడి నుంచి నేల మీదుగా సాగి, అక్టోబరు 8న పిరనీస్ కొండలు దాటి స్వదేశంలో అడుగుపెట్టాడు. వెళ్ళి 11 ఏళ్ళ 6 నెలలు దాటింది. రాసిన ఉత్తరాలు చేరలేదు. చనిపోయాడనుకున్న బంధువులు ఆస్తి పంచుకునే ఏర్పాట్లలో ఉన్నారు. అకాడమీలో ఆయన స్థానం ఇంకొకరికి వెళ్ళింది. పోయిన డబ్బు కోసం వ్యాజ్యం వేసి ఓడిపోయాడు, ఖర్చులు కూడా నెత్తిన పడ్డాయి. అకాడమీ స్థానం మాత్రం తర్వాత తిరిగి దక్కింది.

భార్య వేరే పెళ్ళి చేసుకుందన్న మాట ఇంటర్నెట్‌లో తరచూ కనిపిస్తుంది. అది నిజం కాదు. ప్రయాణానికి ముందు ఆయనకు పెళ్ళి కాలేదు. తిరిగి వచ్చాకే పెళ్ళి చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది. మిగిలిన జీవితం పారిస్ వేధశాలలో ప్రశాంతంగా సాగింది. హిందూ సముద్రాల్లో తన ప్రయాణం గురించి రాసిన రెండు సంపుటాలు 1779లో, 1781లో వెలువడ్డాయి. పుదుచ్చేరి శివారు వీరాంపట్నం దగ్గర నది ఒడ్డున జనం పాత ఇటుకలు తవ్వుకుపోవడం గురించి కూడా ఆయన రాశాడు. రోమన్ వర్తకపు ఆనవాళ్ళతో తర్వాత ప్రపంచానికి తెలిసిన అరికమేడు అదే. 1792 అక్టోబరు 22న, 67వ ఏట కన్నుమూశాడు.

గుండు కూడా అంతిమ తీర్పు కాదు

అదే 1761లో ఇంగ్లిషు ఖగోళజ్ఞుడు నెవిల్ మాస్కలిన్ సెయింట్ హెలీనా దీవికి వెళ్ళాడు. ఆయనకు గట్టి నేల దొరికింది, మబ్బులూ దొరికాయి. పైగా తన యంత్రంలో గుండు దారం వేలాడదీసిన తీరే లోపభూయిష్టమని అక్కడ తెలుసుకున్నాడు. 1774లో స్కాట్లండ్‌లో షిహాలియన్ అనే కొండ పక్కన గుండు దారం కొండ వైపుకు కొద్దిగా లాగబడుతుందని కొలిచి చూపింది ఆయనే. కన్ను తప్పితే గుండు దిద్దుతుంది. గుండు తప్పితే దాన్ని దిద్దడానికి నక్షత్రాలు కావాలి. ఏ ఒక్క సాక్షినీ గుడ్డిగా నమ్మకుండా ఒకదానితో ఒకటి సరిచూసుకోవడమే కొలత అనే పనిలో అసలు నిజాయితీ.

1761 జూన్ 6న లె జాంతీ చేసిన గొప్ప పని కూడా అదే. అంత దూరం వచ్చి, కళ్ళారా చూసి, ఆ అంకెల్ని అకాడమీకి ఘనంగా పంపుకునే అవకాశం ఉన్నా, వాటికి విలువ లేదని తనే తీర్పు చెప్పుకున్నాడు. ఆ తీర్పు వల్లే ఇంకో 8 ఏళ్ళు నిలబడాల్సి వచ్చింది. ఈనాడు మబ్బుల్లోకి దూసుకెళ్ళిన పైలట్‌కు మొదట నేర్పేది కూడా ఇదే. విమానం తిన్నగా ఉందని ఒళ్ళు చెప్పినా నమ్మవద్దు, ఎదురుగా ఉన్న పరికరాన్ని చూడు అని.

తర్వాతి సంక్రమణం 105 ఏళ్ళకు, 1874 డిసెంబరు 9న వచ్చింది. ఆ ఉదయం బంగాళాఖాతం తీరంలోనే, పుదుచ్చేరికి ఉత్తరాన విశాఖపట్నంలో, అంకితం వెంకట నరసింగరావు తన సొంత వేధశాల నుంచి దాన్ని చూసి, ఆ వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపాడు. ఆయనకు ఆకాశమూ నేలా రెండూ అనుకూలించాయి. 2004, 2012 సంక్రమణాలు మనలో చాలామంది చూశాం. ఇక వచ్చేది 2117లో.